రేసుల సీజన్‌కు ముందు: తేలిక సైకిల్‌లో ఏది విరుగుతుంది, ఎలా పట్టుకోవాలి

వెనక చక్రంలో స్పోక్ తెగితే పక్కకు తీసి ఆగే వ్యవధి ఉంటుంది. హ్యాండిల్‌బారో, దాన్ని పట్టి ఉంచే స్టెమ్మో, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కో విరిగితే ఆ వ్యవధి ఉండదు. అందుకే తనిఖీ ముందు భాగంతోనే మొదలుపెట్టండి. గ్రాములు తగ్గించుకోవాలని ఉంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రోడ్డు రేసుల్లో సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదు. మీది ఇప్పటికే ఆ దరిదాపుల్లో ఉంటే సన్నటి స్టెమ్‌తో ఒరిగేదేమీ లేదు.

ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–రూబే రేసులో 2006లో రాళ్ల బాట మీద అమెరికా రేసర్ జార్జ్ హింకపీ సైకిల్ స్టీరర్ ట్యూబ్ (ఫోర్క్ నుంచి పైకి వచ్చి స్టెమ్‌లో దూరే గొట్టం) పుటుక్కున విరిగింది. చేతిలో హ్యాండిల్ ఉంది, దానికి చక్రంతో సంబంధం లేదు. ఆ స్టీరర్ అల్యూమినియంది. ఆ రేసులోనే ఆయన అంతకుముందు ఒకసారి పడ్డాడు కూడా. విరిగేవన్నీ కార్బన్‌వే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అల్యూమినియం ప్రతి కుదుపునూ లెక్కలో వేసుకుంటుంది. ఉక్కులో ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంతకాలం పగులు పుట్టదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, కాబట్టి తేలికపాటి అల్యూమినియం బార్‌కు ఆయుష్షు ఉంటుంది. కార్బన్ అంటే రెజిన్ అనే జిగురుతో అతికిన కార్బన్ పోగుల పొరలు, దాని తీరు వేరు. పోగులు సాగిన దిశలో మహా గట్టిది, పక్క నుంచి తగిలే దెబ్బకూ బిగింపు నలుపుడుకూ లొంగిపోతుంది. పైన రంగు చెదరకుండానే లోపల పొరలు విడిపోవచ్చు.

హ్యాండిల్‌బార్ టేపు పూర్తిగా విప్పండి. బ్రేక్ లివర్ల పట్టీలు వదులుచేసి కిందికి జరపండి. చెమట ఇంకేదీ, బార్ కుళ్లేదీ సరిగ్గా ఆ పట్టీ కిందే. తడిగుడ్డతో తుడిచి, లైటు వాలుగా పడేలా పెట్టి చూడండి. అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. దాన్ని గీకేశాక కింద గుంటలు ఉంటే బార్ మార్చేయండి. సన్నటి గీత కనిపిస్తే గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది పగులే అనుకోండి. స్టెమ్ అంచు ఆనేచోట కూడా ఇదే పరీక్ష చేయాలి. కార్బన్ బార్‌నైతే బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి, మెత్తగా దిగకూడదు. నాణెంతో తట్టినప్పుడు ఒక్కచోట మాత్రమే మొద్దు శబ్దం వస్తే అనుమానించండి. గోడ మందం మారేచోట శబ్దం ఎలాగూ మారుతుంది, కాబట్టి ఎడమవైపునూ కుడివైపునూ పోల్చి చూడాలి.

బిగించేటప్పుడు చేతి అంచనాను నమ్మొద్దు, బిగింపు బలాన్ని (టార్క్‌ను) చూపే టార్క్ రెంచ్ వాడండి. స్టెమ్ మీద సాధారణంగా 4–6 న్యూటన్ మీటర్లని రాసి ఉంటుంది. స్టెమ్‌కూ బార్‌కూ వేర్వేరు అంకెలుంటే తక్కువదే పాటించాలి. స్టెమ్ ముందు మూతకున్న నాలుగు బోల్టులను ఐమూలగా, కొంచెం కొంచెంగా బిగించండి. కార్బన్ జారుతోందంటే ఇంకా బిగించడం మందు కాదు. రవ్వ ఉన్న కార్బన్ పేస్టు పూయండి, తక్కువ టార్క్‌కే పట్టు దొరుకుతుంది.

స్టీరర్ విషయంలో మొహమాటం లేకుండా ఫోర్క్ బయటికి తీసి చూడాలి. కింది బేరింగ్ కూర్చునేచోటా, స్టెమ్ పట్టుకునేచోటా శ్రద్ధగా వెతకండి. కార్బన్ స్టీరర్‌లో స్టార్ నట్ (లోపలి గోడను గీరుకుని పట్టే నక్షత్రపు నట్టు) కొట్టకూడదు, వ్యాకోచించే ప్లగ్ మాత్రమే వాడాలి. అది స్టెమ్ బిగింపు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే స్టీరర్ గోడకు లోపలి నుంచి ఆసరా ఉండదు.

క్రాంక్‌లో, అంటే పెడల్ బిగించే చేతిలో, పెడల్ మర చుట్టూ పగుళ్లు వెతకండి. 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైన షిమానో కంపెనీ 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) అల్టెగ్రా, డ్యూరా-ఏస్ రకం క్రాంకుల్లో జిగురుతో అతికించిన భాగాలు విడిపోవచ్చని ఆ కంపెనీయే 2023లో తనిఖీ కార్యక్రమం ప్రకటించింది. పాత సైకిల్ కొన్నవాళ్లు క్రాంక్ లోపలివైపు ఉన్న కోడ్ తప్పక చూసుకోవాలి. సీటును మోసే గొట్టం సీట్‌పోస్ట్‌ను ఏటా ఒకసారైనా బయటికి లాగండి. కార్బన్, అల్యూమినియం చెమట తడిలో ఆని ఉంటే అల్యూమినియం తుప్పుపట్టి రెండూ బిగుసుకుపోతాయి.

చక్రాల్లో టైరును పట్టే కొక్కెం అంచు లేని (హుక్‌లెస్) రిమ్ అయితే గాలి 5 బార్ (72.5 పీఎస్ఐ) దాటకూడదు. ఆ రిమ్‌కు సరిపోతుందని తయారీదారు చెప్పిన టైరే వేయండి. కార్బన్ రిమ్‌ను పట్టే బ్రేకులుంటే పొడవాటి దిగుడులో బ్రేకును అదేపనిగా పట్టి ఉంచొద్దు, వేడికి రెజిన్ మెత్తబడుతుంది. బలంగా పట్టి వదులుతూ దిగండి.

రేసులో పడ్డాక హ్యాండిల్ కొంచెం పక్కకు తిరిగినా, కొత్తగా కిర్రుమన్నా, ఆ సైకిల్‌తో దిగుడు దిగకండి. పగిలిన బార్‌నూ స్టెమ్‌నూ పారేసేముందు రెండు ముక్కలుగా కోసేయండి. అలాగే వదిలేస్తే ఎవరో ఒకరు తీసుకెళ్లి తమ సైకిల్‌కు బిగించుకుంటారు. కార్బన్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు వేసుకుని, కోసేచోట తడిపి ఉంచండి.