డ్రైవర్‌లో సిస్టమ్ మెమరీ, డివైస్ మెమరీ కలగలిసిపోతే: సమస్య - పరిష్కారం

ఎక్స్86 ప్రాసెసర్ మీద నెలల తరబడి చక్కగా నడిచిన డ్రైవర్ ఆర్మ్64 ప్రాసెసర్ ఉన్న బోర్డు ఎక్కగానే కుప్పకూలిందా? బోర్డును తర్వాత అనుమానించవచ్చు, ముందు పాయింటర్‌ను చూడండి.

లైనక్స్ కెర్నల్‌లో డ్రైవర్ చేతికి రెండు రకాల అడ్రసులు వస్తాయి. మొదటిది ర్యామ్‌ది, మామూలు పాయింటర్. రెండోది డివైస్ లోపలి మెమరీది, ఐవోరీమ్యాప్ అనే ఫంక్షన్ ఇచ్చేది, __ఐవోమెమ్ అన్న గుర్తు ఉన్నది. రన్ అవుతున్నప్పుడు రెండూ ఉత్త అంకెలే. చూసి తేడా చెప్పలేం. ఎక్స్86లో రెండింటినీ ఒకే రకం ఇన్‌స్ట్రక్షన్ చదవగలదు కాబట్టి తప్పు బయటపడదు. స్పార్క్64 ప్రాసెసర్ మీద ఫ్రేమ్‌బఫర్‌ను, అంటే తెర మీది చిత్రం ఉండే మెమరీని, ర్యామ్ అనుకుని తాకితే బస్ ఎర్రర్ వచ్చేది. ఆ తలనొప్పిలోంచే అడ్రస్‌నూ, అది ఏ రకమో చెప్పే ఈజ్_ఐవోమెమ్ అనే జెండానూ ఒకేచోట దాచే చిన్న స్ట్రక్ట్ (సీ భాషలో కొన్ని ఫీల్డుల కూర్పు) పుట్టింది. మొదట దాని పేరు డీఎంఏ_బఫ్_మ్యాప్. 2022లో వచ్చిన 5.18 కెర్నల్ నుంచి ఐవోసిస్_మ్యాప్. కింద సహాయక ఫంక్షన్ల పేర్లలో ఐవోసిస్_మ్యాప్ అన్న ముందుభాగం వదిలేసి, _మెమ్‌కాపీ_టు, _ఆర్డీ అన్నట్టుగా వెనకభాగమే రాశాం.

ఒక్కటి మాత్రం మొదటే తెలియాలి: ఈ స్ట్రక్ట్‌లో పొడవు ఉండదు. బఫర్ దాటి రాస్తున్నారా లేదా అన్నది ఏ సహాయక ఫంక్షనూ చూడదు. ఆ లెక్క మీదే.

లక్షణం: ఆర్మ్64లో ఊప్స్, అలైన్‌మెంట్ ఫాల్ట్

ఊప్స్ అంటే కెర్నల్ తప్పులో పడినప్పుడు లాగ్‌లో రాసే నివేదిక. అందులో ఫాల్ట్ కోడ్ హెక్స్ 21, పక్కనే అలైన్‌మెంట్ ఫాల్ట్ అన్న మాట ఉంటాయి. పీసీ (అప్పుడు నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) వరుసలో మెమ్‌కాపీ లేదా మెమ్‌సెట్ కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయి మెమ్‌కాపీని అనుమానిస్తారు. చూడాల్సింది ఎల్ఆర్ (ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన అడ్రస్) వరుస. పిలిచినవాడి పేరు అక్కడ ఉంటుంది. దాన్ని స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని ఫ్యాడర్2లైన్‌కు ఇస్తే సోర్సులో సరిగ్గా ఏ వరుసో తెలుస్తుంది.

కారణం: మామూలు ఐవోరీమ్యాప్ ఇచ్చిన ప్రాంతాన్ని ఆర్మ్64 'డివైస్' రకం మెమరీగా మ్యాప్ చేస్తుంది. అక్కడ అలైన్ కాని (డేటా సైజుతో భాగించబడని అడ్రస్‌లో చేసే) చదువు, రాత నిషిద్ధం. కెర్నల్ మెమ్‌కాపీ వేగం కోసం అలైన్ కాని లోడ్లను ధారాళంగా వాడుతుంది. మెమ్‌సెట్ కథ ఇంకాస్త వింత. సున్నాతో నింపేటప్పుడు అది డీసీ జెడ్‌వీఏ అనే ఇన్‌స్ట్రక్షన్‌ను వాడుకుంటుంది, అది డివైస్ మెమరీ మీద ఎప్పుడూ ఫాల్టే. అందుకే సున్నాతో నింపితే కూలిపోయే కోడ్ అదే బఫర్‌ను వేరే విలువతో నింపితే బతికిపోవచ్చు. ఈ తేడా కనబడితే ఇక వెతకనక్కర్లేదు, మీ చేతిలో ఉన్నది డివైస్ మెమరీయే.

నిర్ధారణకు: కెర్నల్ అడ్రసులను దాచే కెప్టర్_రెస్ట్రిక్ట్ అనే సెట్టింగ్‌ను 1 చేసి, రూట్‌గా ప్రాక్ డైరెక్టరీ కింద ఉన్న వీమాలాక్‌ఇన్ఫో చదవండి. ఆ సెట్టింగ్ 0గా ఉంటే అసలు అడ్రసులకు బదులు హ్యాష్ చేసిన అంకెలు వస్తాయి. ఊప్స్‌లోని అడ్రస్ ఏ వరుస హద్దుల్లో పడుతుందో చూడండి. ఆ వరుసలో ఐవోరీమ్యాప్ అని ఉండి ఫిజికల్ అడ్రస్ కూడా ఉంటే, ఆ అడ్రస్ ప్రాక్ కింది ఐవోమెమ్ పట్టికలో ఏ డివైస్‌దో సరిపోల్చుకోండి. ఆ పట్టిక కూడా రూట్ కానివాళ్లకు సున్నాలే చూపిస్తుంది.

పరిష్కారం: అది ఎప్పుడూ డివైస్ మెమరీయే అయితే నేరుగా మెమ్‌కాపీ_టుఐవో, మెమ్‌కాపీ_ఫ్రమ్‌ఐవో, మెమ్‌సెట్_ఐవో వాడండి. ఒక్కోసారి ర్యామ్, ఒక్కోసారి డివైస్ అయితే _మెమ్‌కాపీ_టు, _మెమ్‌కాపీ_ఫ్రమ్, _మెమ్‌సెట్. అవి జెండా చూసుకుని తగిన దారిలో వెళ్తాయి. జెండాను సరిగ్గా నిలబెట్టే చోటు ఒక్కటే, మ్యాప్ నింపే చోటు. ర్యామ్ అయితే _సెట్_వీయాడర్, ఐవోరీమ్యాప్ అయితే _సెట్_వీయాడర్_ఐవోమెమ్. అక్కడ తప్పితే ఆ తర్వాత ఎన్ని మంచి ఫంక్షన్లు వాడినా తప్పు దారే. డీఎంఏ_అలాక్_కోహెరెంట్ ఇచ్చేది ర్యామ్ తరహా మామూలు పాయింటరే. డీఎంఏ (డివైస్ నేరుగా ర్యామ్‌ను చదివి రాసే పద్ధతి) అన్న పేరు చూసి దాన్ని ఐవోమెమ్‌లో వేయకండి.

'నేను మెమ్‌కాపీ ఎక్కడా పిలవలేదే' అంటే రెండు చోట్లు చూడండి. ఒక స్ట్రక్ట్‌ను ఇంకోదానికి సమానం గుర్తుతో కాపీ చేస్తే కంపైలర్ దాన్ని మెమ్‌కాపీగా మార్చగలదు. బైట్లు నింపే చిన్న ఫర్ లూప్‌ను మెమ్‌సెట్‌గా మార్చగలదు. వోలటైల్ తగిలిస్తే ఈ మార్పు ఆగుతుంది కానీ జబ్బు నయం కాదు. అలైన్‌మెంట్‌కూ ఎండియన్‌కూ (బైట్ల క్రమం) బ్యారియర్లకూ (చదువు, రాతల వరుసను కాపాడేవి) దానితో సంబంధం లేదు.

ఇక ఐవోరీమ్యాప్ తీసేసి ఐవోరీమ్యాప్_డబ్ల్యుసీ పెడితే క్రాష్ మాయమవుతుంది. ఆర్మ్64లో అది క్యాష్ లేని 'నార్మల్' మెమరీ కాబట్టి అలైన్ కాని రాతలు చెల్లుతాయి. ఫ్రేమ్‌బఫర్‌కు అది న్యాయమైన ఎంపికే, అక్కడ కూడా సహాయక ఫంక్షన్లు వదలకూడదనుకోండి. రిజిస్టర్లకు మాత్రం అస్సలు వద్దు. రాతలు కలిసిపోతాయి, వరుస తారుమారవుతుంది. అప్పుడు వచ్చే బగ్ వారానికొకసారి తొంగిచూస్తుంది.

లక్షణం: ఫాల్ట్ అడ్రస్ నిండా ఎఫ్‌లు, చివర ఏదో అంకె

అడ్రస్ మొత్తం ఎఫ్‌లతో నిండి చివర ఈఏ అనో ఎఫ్0 అనో ఎఫ్4 అనో ఉంటే అది అడ్రసే కాదు. పాయింటర్ వేషంలో ఉన్న ఎర్రర్ కోడ్. ఈఏ అంటే మైనస్ 22, చెల్లని ఆర్గ్యుమెంట్. ఎఫ్0 అంటే మైనస్ 16, ఆ ప్రాంతాన్ని ఇంకొకరు ముందే తీసుకున్నారు. ఎఫ్4 అంటే మైనస్ 12, మెమరీ దొరకలేదు. ఊప్స్‌లో కనబడే అడ్రస్‌కు మీ ఆఫ్‌సెట్ కలిసి ఉండొచ్చు, అది తీసేసి చూడండి. ఆఫ్‌సెట్ పెద్దదైతే అంకె సున్నా దాటి చిన్న అడ్రస్‌గా కూడా కనిపించవచ్చు. దాన్ని నల్ పాయింటర్ అనుకుని తప్పుదారి పట్టడం మామూలే.

డెవ్‌ఎం_ఐవోరీమ్యాప్_రిసోర్స్, డెవ్‌ఎం_ప్లాట్‌ఫామ్_ఐవోరీమ్యాప్_రిసోర్స్ విఫలమైతే ఎర్రర్ పాయింటర్ ఇస్తాయి. డెవ్‌ఎం_ఐవోరీమ్యాప్ నల్ ఇస్తుంది. _ఈజ్_నల్ చూసేది నల్‌నే. ఎర్రర్ పాయింటర్‌ను మ్యాప్‌లో వేశాక అది చెల్లే మ్యాప్ లాగే కనబడుతుంది. కాబట్టి మ్యాప్‌లో వేయకముందే, మొదటి రెండింటికీ ఈజ్_ఎర్, మూడోదానికి నల్ పరీక్ష పెట్టండి. ఎఫ్0 వస్తుంటే పరీక్ష పెట్టినా పని జరగదు. ఆ ప్రాంతాన్ని పట్టుకున్న రెండో డ్రైవర్ ఎవరో ప్రాక్ కింది ఐవోమెమ్‌లోనే పేరుతో సహా ఉంటుంది.

లక్షణం: చదివిన విలువలు తప్పు, క్రాష్ మాత్రం లేదు

ఇదే అన్నిటికంటే మొండిది. కారణాలు నాలుగైదు.

మొదటిది ఆఫ్‌సెట్. _ఆర్డీ_ఫీల్డ్‌కు మ్యాప్, స్ట్రక్ట్ మొదలయ్యే ఆఫ్‌సెట్, స్ట్రక్ట్ రకం, ఫీల్డ్ పేరు ఇవ్వాలి. రెండోది ఫీల్డ్ ఆఫ్‌సెట్ కాదు, స్ట్రక్ట్ ఆఫ్‌సెట్. ఫీల్డ్‌ది అదే లెక్కేసుకుంటుంది. రెండూ మీరే కలిపి ఇస్తే ఫీల్డ్ దూరం రెండుసార్లు కలుస్తుంది, పక్క ఫీల్డ్ విలువ వస్తుంది. పెద్ద స్ట్రక్ట్ లోపలి చిన్న స్ట్రక్ట్‌తో ఎక్కువ పని ఉంటే ప్రతిసారీ ఆఫ్‌సెట్ మోయకుండా ఐవోసిస్_మ్యాప్_ఇనిట్_ఆఫ్‌సెట్‌తో లోపలి మ్యాప్ ఒకటి వేరుగా చేసుకోండి. అప్పటినుంచి దానికి సున్నా ఆఫ్‌సెట్ చాలు.

రెండోది ఎండియన్. డివైస్ దారిలో _ఆర్డీ లోపల రీడ్‌ఎల్ వాడుతుంది, అది లిటిల్ ఎండియన్ అనుకుని బిగ్ ఎండియన్ ప్రాసెసర్ మీద బైట్లు తిప్పి ఇస్తుంది. ర్యామ్ దారిలో రీడ్_వన్స్ ఉంటుంది, అది ఏమీ తిప్పదు. ఒకే పిలుపు, ఒకే బఫర్ లేఅవుట్, రెండు రకాల జవాబులు. డ్రైవర్ బిగ్ ఎండియన్ మీద నడవాల్సిందే అయితే ముడి బైట్లను _మెమ్‌కాపీ_ఫ్రమ్‌తో లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుని ఎల్ఈ32_టు_సీపీయూతో మార్చుకోవడమే దారి.

మూడోది విడిపోయే 64 బిట్ విలువ. 64 బిట్ కెర్నల్‌లో డివైస్ దారి రీడ్‌క్యూ, ఒక్క చదువే. 32 బిట్ కెర్నల్‌లో అది మెమ్‌కాపీ_ఫ్రమ్‌ఐవో అవుతుంది, సగం సగంగా చదువుతుంది. పరుగెడుతున్న కౌంటర్‌ను అలా చదివితే పై సగం పాతది, కింది సగం కొత్తది రావచ్చు. పై సగం, కింది సగం, మళ్లీ పై సగం చదివి, రెండు పై సగాలూ ఒకటయ్యేదాకా తిరగండి.

ప్యాక్డ్ స్ట్రక్ట్ (ఫీల్డుల మధ్య ఖాళీ వదలనిది) అయితే లక్షణం మళ్లీ అలైన్‌మెంట్ ఫాల్టే. 32 బిట్ ఫీల్డ్ 4తో భాగించబడని చోట ఉంటే రీడ్‌ఎల్ కూడా కాపాడదు. _మెమ్‌కాపీ_ఫ్రమ్ వాడండి, అది అలైన్ అయ్యేదాకా బైటు బైటుగా వెళ్తుంది. బిట్‌ఫీల్డ్ అయితే కంపైలర్ దగ్గరే ఆగిపోతుంది. చుట్టూ ఉన్న 32 బిట్ వర్డ్‌ను చదివి మాస్క్ చేసుకోవాలి. సైన్డ్ రకమో, మొత్తం స్ట్రక్టో ఇచ్చినా _ఆర్డీ కంపైల్ కాదు. అది అంగీకరించేది యూ8, యూ16, యూ32, యూ64 మాత్రమే.

ఇక డ్రైవర్లు బఫర్లను పంచుకునే డీఎంఏ-బఫ్ ద్వారా వచ్చిన బఫర్‌లో పాత డేటా కనబడుతుంటే అది క్యాష్ గొడవ. ఆర్కిటెక్చర్‌ను బట్టి ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. చదివే ముందు డీఎంఏ_బఫ్_బిగిన్_సీపీయూ_యాక్సెస్, అయ్యాక ఎండ్ జత పిలవండి. ఐవోసిస్_మ్యాప్ చూసుకునేది అడ్రస్ రకాన్ని, క్యాష్ పొందికను కాదు.

లక్షణం: అన్నీ ఎఫ్‌లే చదువుతోంది

32 బిట్ రిజిస్టర్లు ఏవి చదివినా అన్ని బిట్లూ 1గా వస్తే పీసీఐ డివైస్ జవాబివ్వడం లేదు. పీసీఐ_ఎనేబుల్_డివైస్ పిలిచారా, రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ దాన్ని నిద్రపుచ్చిందా, బార్ (పీసీఐ డివైస్ బయటికి తెరిచే అడ్రస్ ప్రాంతం) పొడవు దాటి చదువుతున్నారా, ఈ వరుసలో చూడండి. ఎస్‌ఓసీ (మొత్తం సిస్టమ్ ఒకే చిప్‌లో ఉండేది) లోపలి బ్లాకుల్లో ఇదే పరిస్థితి సాధారణంగా క్లాక్ ఆపేసి ఉండటం వల్ల వస్తుంది. అక్కడ ఎఫ్‌లు రావు, సిస్టమ్ బిగుసుకుపోతుంది లేదా ఎస్‌ఎర్రర్ అనే హార్డ్‌వేర్ ఎర్రర్ పడుతుంది.

లక్షణం: అన్‌మ్యాప్ చేసేటప్పుడు వార్నింగ్, లేదా మాడ్యూల్ తీశాక వింతలు

కారణం దాదాపు ఎప్పుడూ _ఇంకర్. అది మ్యాప్ లోపలి అడ్రస్‌నే ముందుకు జరుపుతుంది. ఫ్రేమ్‌బఫర్‌లో వరుస వరుసకూ _ఇంకర్ చేసుకుంటూ పోయి, చివర అదే మ్యాప్‌ను అన్‌మ్యాప్‌కు ఇస్తే అది మొదటి అడ్రస్ కాదు. ఐవోఅన్‌మ్యాప్ అడ్రస్‌ను పేజీ సరిహద్దుకు వెనక్కి సరిచేస్తుంది కాబట్టి జరిగింది పేజీలోపే అయితే ఏమీ బయటపడదు. పెద్ద రిజల్యూషన్‌లో మాత్రమే తగిలే బగ్ అలా తయారవుతుంది. మొదటి మ్యాప్‌ను ముట్టుకోకండి. స్ట్రక్ట్ చిన్నదే, లోకల్ కాపీ చేసుకుని దాన్ని జరపండి, లేదా _మెమ్‌కాపీ_టుకు ఆఫ్‌సెట్ ఇవ్వండి. అన్‌మ్యాప్ తర్వాత _క్లియర్ పిలిస్తే పొరపాటున మళ్లీ వాడినప్పుడు నల్ దగ్గరే పట్టుబడుతుంది.

లక్షణం: స్పార్స్ వార్నింగులు

మేక్‌కు సీ=1 ఇస్తే మళ్లీ కంపైల్ అయ్యే ఫైళ్లను, సీ=2 ఇస్తే అన్నిటినీ స్పార్స్ అనే టూల్ తనిఖీ చేస్తుంది. 'వేర్వేరు అడ్రస్ స్పేసులు' అనే అర్థంలో వచ్చే వార్నింగ్‌ను __ఫోర్స్ కాస్ట్ పెట్టి నోరు మూయించడం సులువు. అలా చేసిన ప్రతి చోటూ తర్వాత ఆర్మ్64లో ఊప్స్ కాగల చోటే. డ్రైవర్‌లో __ఫోర్స్ అని గ్రెప్ చేసి, కనబడిన ప్రతిదాన్నీ సమర్థించగలరో లేదో చూడండి.

లక్షణం: పని చేస్తుంది, కానీ స్క్రీన్ నత్తనడక

రైట్-కంబైన్ మెమరీకి (ఐవోరీమ్యాప్_డబ్ల్యుసీ ఇచ్చేది) రాయడం వేగం, చదవడం మహా నెమ్మది. పిక్సెల్ చదివి, కలిపి, తిరిగి రాసే కోడ్ నేరుగా వీడియో మెమరీ మీద నడుస్తుంటే ప్రతి చదువూ ప్రాసెసర్‌కూ డివైస్‌కూ మధ్య ఉన్న బస్ దాటి వెళ్లి రావాలి. ర్యామ్‌లో షాడో బఫర్ పెట్టి అక్కడ గీయండి, మారిన దీర్ఘచతురస్రాన్ని మాత్రమే వరుసకొక _మెమ్‌కాపీ_టుతో పంపండి.

లక్షణం: డివైస్ సగం డేటానే చూస్తోంది

డిస్క్రిప్టర్ (డివైస్‌కు పని వివరించే చిన్న రికార్డు) నింపి, చివర 'ఇక నీది' అనే జెండా రాస్తారు, డివైస్ మాత్రం పాత డిస్క్రిప్టర్ చదువుతుంది. డివైస్ దారిలో _డబ్ల్యుఆర్ అంటే రైట్‌ఎల్. అంతకుముందు ర్యామ్‌లో రాసినవి డివైస్‌కు కనబడ్డాకే అది వెళ్తుందని కెర్నల్ హామీ. ర్యామ్ దారిలో _డబ్ల్యుఆర్ అంటే ఉత్త రైట్_వన్స్, ఆ హామీ లేదు. డిస్క్రిప్టర్ రింగ్ ర్యామ్‌లో ఉంటే డేటాకూ జెండాకూ మధ్య డీఎంఏ_డబ్ల్యుఎంబీ పెట్టండి. డేటా రైట్-కంబైన్ డివైస్ మెమరీలో ఉండి డోర్‌బెల్ (పని ఉందని డివైస్‌కు చెప్పేది) వేరే రిజిస్టర్ అయితే మధ్యలో డబ్ల్యుఎంబీ. పీసీఐ రాతలు పోస్టెడ్, అంటే రైట్‌ఎల్ తిరిగి వచ్చింది కదా అని డివైస్‌కు చేరినట్టు కాదు. రీసెట్ రాసి కాసేపు ఆగే కోడ్‌లో, ఆగేముందు అదే డివైస్ నుంచి ఏదో ఒక రిజిస్టర్ చదివితే రాత చేరిందని నమ్మకం. లేకపోతే మీరు పెట్టిన ఆలస్యం రాత దారిలో ఉండగానే అయిపోతుంది.

లక్షణం: పాత డ్రైవర్ కంపైల్ కావడం లేదు

డీఎంఏ_బఫ్_మ్యాప్ పేరు 5.18 నుంచి లేదు. హెడర్ పేరూ స్ట్రక్ట్ పేరూ మార్చినంత మాత్రాన సరిపోదు. పాత మెమ్‌కాపీ_టుకు మూడు ఆర్గ్యుమెంట్లు, కొత్తదానికి నాలుగు. గమ్యం తర్వాత ఆఫ్‌సెట్ వచ్చి చేరింది. పాత కోడ్ ముందు _ఇంకర్ చేసి ఆపైన కాపీ చేస్తుంటే, ఆ _ఇంకర్ తీసేసి దాని అంకెను ఆఫ్‌సెట్‌గా ఇవ్వండి. రెండూ ఉంచితే చిత్రం రెట్టింపు దూరం జరిగి కనబడుతుంది.