టెక్సస్ చలితుఫాను: పైపులు పగలకుండా, పగిలితే ఇల్లు పాడవకుండా

టెక్సస్ ఇళ్ళు ఎండను తట్టుకోడానికి కట్టినవి. కింద కాంక్రీటు స్లాబు, నీటి పైపులు చాలావాటిలో యాటిక్ (సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఖాళీ) మీదుగా, కొన్నింటిలో వాటర్ హీటరు కూడా అక్కడే. ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే దూదిలాంటి పొర, యాటిక్ నేలమీద పరిచి ఉంటుంది కాబట్టి దానిపైన పోయే పైపుకు ఇంట్లోని వెచ్చదనం అందదు. బయట ఎంత చలి ఉందో కాసేపట్లో దానికీ అంతే. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్ కరెంటు గ్రిడ్డును నడిపే ఎర్కాట్ కరెంటు కోతలు మొదలుపెట్టింది. వంతులవారీగా తీస్తామన్న కరెంటు లక్షల ఇళ్ళకి రోజుల తరబడి రాలేదు. మర్నాడు డాలస్-ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 19. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మనవాళ్ళ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో తెలిసిందే.

ఐసు కట్టినచోటే పైపు చీలుతుందని చాలామంది అనుకుంటారు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ముందున్న నీటిని నెడుతుంది. ఐసుకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిలో ఒత్తిడి విపరీతంగా పెరిగి, పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. కుళాయి సన్నగా వదలమనేది అందుకే: ఆ ఒత్తిడి పోవడానికి దారి ఉండాలి. ఇంకో సంగతి, ఐసు బిరడాలా ఉన్నంతసేపూ చీలికలోంచి చుక్క కారదు. ఎండ కాసి ఐసు కరిగాక సీలింగులోంచి ధార పడుతుంది. నష్టం వేలల్లోనా లక్షల్లోనా అనేది ఆ ధార మొదలైనప్పటి నుంచి ఇంటికంతటికీ నీరు ఆపే మెయిన్ వాల్వు మీరు కట్టేసేదాకా పట్టే నిమిషాలను బట్టి ఉంటుంది.

ముందు ఆ వాల్వు వెతకండి

ఈ వారాంతంలోనే చేయండి, చలి వచ్చాక చీకట్లో వెతుక్కోవద్దు. రోడ్డు పక్కన మీటరు పెట్టె ఉంటుంది. ఇంటివైపు వాల్వు ఆ పెట్టెలోనో, ముందు పచ్చికలో ఆకుపచ్చ మూత కిందో, గరాజ్ గోడలోనో ఉంటుంది. మూత కింద మట్టి నిండిపోయి ఉండటం మామూలే; తవ్వి శుభ్రం చేసి ఒకసారి తిప్పి చూడండి. పొడవాటి పిడి ఉన్నదైతే పావు చుట్టు చాలు, పిడి పైపుకు అడ్డంగా వచ్చిందంటే మూసినట్టు. గుండ్రటి చక్రమైతే కుడివైపు చాలా చుట్లు తిప్పాలి, పాతదైతే బలవంతం చేయకండి, కాడ విరుగుతుంది. మీటరు దగ్గర తిప్పే టీ ఆకారపు తాళంచెవి హార్డ్‌వేర్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. అది గరాజ్‌లో గోడకి తగిలించి, వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సహా. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది వాళ్ళే.

చలికి ముందు రోజు

ఇన్సులేషన్ లేని పైపులకు 20 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్, అసలైన ప్రమాద రేఖ. అంతకు దిగుతుందని తెలియగానే:

- బయటి కుళాయిలకు తగిలించిన గొట్టాలు పీకేయండి. గొట్టం ఉంటే లోపలి నీరు దిగిపోదు, చలిని తట్టుకుంటుందని అమ్మిన కుళాయి కూడా పగులుతుంది. పీకాక ఫోమ్ తొడుగు వేయండి.
- స్ప్రింక్లర్ బ్యాక్‌ఫ్లో పరికరానికి (తోట నీరు ఇంటి నీటిలోకి వెనక్కి రాకుండా ఆపేది) వచ్చే నీరు ఆపి, రెండు పిడులనూ 45 డిగ్రీల కోణంలో ఉంచి, పక్కనున్న చిన్న స్క్రూ వాల్వులు తెరిచి నీరు వదిలేయండి. పిడి పూర్తిగా మూస్తే వాల్వు లోపలి బాల్ చుట్టూ నీరు నిలిచిపోయి ఇత్తడి పగులుతుంది.
- బయటి గోడకు ఆనుకున్న సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచండి. గరాజ్ తలుపు మూసి ఉంచండి.
- బాత్‌టబ్, బిందెలు, కుక్కర్లు నీటితో నింపుకోండి. టాయిలెట్ ఒకసారి పోయడానికి 6 లీటర్లు, ఒక చిన్న బకెట్.

కుళాయి వదలడంలో పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే చల్లనీళ్ళ వైపు మాత్రమే వదులుతారు. వేడినీళ్ళ పైపు కూడా అదే యాటిక్‌లోంచి వస్తుంది, హీటరు నుంచి దూరంగా ఉన్న గది దగ్గర అది కూడా గడ్డకడుతుంది. పిడి మధ్యలో ఉంచి, పెన్సిలు ములుకంత సన్నటి ధార వదలండి. మెయిన్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న బాత్రూమ్, బయటి గోడమీద ఉన్న వంటింటి సింకు తప్పనిసరి.

ట్యాంకు లేని హీటర్లకు చలి నుంచి కాపాడే ఏర్పాటు ఉంటుంది కానీ అది కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే లోపలి రాగి గొట్టాలు పగలడానికి ఎక్కువసేపు పట్టదు, కాబట్టి గ్యాసూ నీరూ ఆపి నీరు దింపే కింది మూతలు తెరిచి ఖాళీ చేయాలి. ఈత కొలను ఉంటే పంపు, ఫిల్టర్‌ల కింది మూతలకు కూడా ఇదే వర్తిస్తుంది.

కరెంటు పోయి రావడంలేదు

బయట 20 కన్నా తక్కువ, కరెంటు పోయి నాలుగైదు గంటలైంది, పైపులు యాటిక్‌లో ఉన్నాయి. ఇక ధార మీద ఆధారపడకండి. ఊళ్ళో నీటి ఒత్తిడి పడిపోతే ధార ఆగిపోతుంది, 2021లో చాలాచోట్ల అదే జరిగింది. ఇల్లంతా ఖాళీ చేయడమే మేలు, పట్టేది అరగంట.

మెయిన్ కట్టేయండి. గ్యాసు హీటరు మీట 'పైలట్' అన్న గుర్తుకి తిప్పండి, కరెంటుదైతే బ్రేకరు దింపండి. ఇది మర్చిపోతే కరెంటు వచ్చాక ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు మాడిపోతుంది. తర్వాత పై అంతస్తులో కుళాయిలన్నీ, వేడి చల్ల రెండూ, తెరవండి. చివరగా అన్నిటికన్నా దిగువనున్న బయటి కుళాయి తెరవండి. పైనుంచి గాలి లోపలికి వెళితేనే కింద నీరు దిగుతుంది. టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేయండి. మళ్ళీ నింపేటప్పుడు మెయిన్ కొద్దికొద్దిగా తెరవండి, వేడి కుళాయిలో గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే హీటరు వెలిగించండి.

ఇంటిల్లిపాదీ ఒకే గదిలో సర్దుకోండి, తలుపు కింద తువాలు పెట్టండి. బొగ్గుల పొయ్యి, బార్బెక్యూ గ్రిల్ లోపలికి తేవద్దు, గ్యాసు స్టవ్ మంట వేడి కోసం వదలొద్దు. ఊళ్ళో పెంకుటింట్లో కుంపటి పెట్టుకుంటే ఏమీ కాలేదంటే పెంకుల సందుల్లోంచి గాలి ఆడింది కనుక. ఇక్కడి ఇల్లు డబ్బాలా బిగించి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మగత అన్నీ ఫ్లూ లక్షణాల్లానే ఉంటాయి. గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి ఫోన్ చార్జ్ చేయడం కూడా అంతే ప్రమాదం, తలుపు తెరిచి ఉన్నా సరే. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురుగా లేకుండా. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి పడకగది దగ్గర ఉంచండి.

గడ్డకట్టింది, పగల్లేదు

ఒక కుళాయి మాత్రమే రావడంలేదంటే ఆ దారిలో ఐసు ఉంది. కుళాయి తెరిచి ఉంచి, హెయిర్ డ్రయ్యరుతో కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీరు రెండు గడ్డల మధ్య ఇరుక్కుంటుంది. బ్లో టార్చి జోలికి పోకండి, యాటిక్‌లో చెక్కా ఇన్సులేషనూ అంటుకుంటాయి. ఎరుపు నీలం రంగుల్లో ఉండే పెక్స్ ప్లాస్టిక్ పైపు కొంత సాగి తట్టుకుంటుంది, దాని జాయింట్లు మాత్రం పగులుతాయి. రాగి నిలువునా చీలుతుంది.

పగిలింది

మెయిన్ కట్టేయండి. తడిసిన గదుల బ్రేకర్లు దింపండి. ప్యానెల్ దగ్గర నీళ్ళు నిలిచి ఉంటే ముట్టుకోవద్దు. సీలింగు పొట్టలా ఉబ్బితే కింద బకెట్ పెట్టి, పక్కకు నిలబడి, స్క్రూడ్రైవరుతో చిన్న కన్నం పెట్టండి. లేకపోతే సీలింగు మొత్తం ఒకేసారి నెత్తిన పడుతుంది.

తుడిచే ముందు వీడియో తీయండి: ప్రతి గది, నీరు వస్తున్న చోటు, గోడమీద తడి ఎంత ఎత్తుందో. ప్లంబరు కోసి తీసిన పైపు ముక్కను దాచండి, అడ్జస్టరు (నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ పంపే మనిషి) అడిగే మొదటి వస్తువు అదే. తడి 24 నుంచి 48 గంటలు దాటితే బూజు మొదలవుతుంది, కాబట్టి అడ్జస్టరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. నష్టం పెరగకుండా చూడటం పాలసీలో మీ బాధ్యత. తడిసిన కార్పెట్ కింది మెత్త, గోడలోని దూది ఆరవు, తీసేయాల్సిందే. షీట్‌రాక్‌ని (గోడకు బిగించిన జిప్సం పలక) తడి గీతకు అడుగు పైదాకా కోసి, లోపలి కర్రలు ఆరాకే కొత్తది వేయించండి. తీసేసిన ప్రతిదాని ముక్క ఒకటి ఉంచి, రసీదులన్నీ ఒక కవరులో పెట్టండి. హోటల్లో ఉండాల్సి వస్తే ఆ ఖర్చుకు పాలసీలో వేరే కవరేజి ఉంటుంది. అద్దె ఇల్లయితే మీ సామానుకి రెంటర్స్ ఇన్సూరెన్సే దిక్కు.

టెక్సస్ చట్టం ప్రకారం ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ అందినట్టు సాధారణంగా 15 రోజుల్లో చెప్పాలి. డిడక్టిబుల్ (నష్టంలో మీ వంతుగా మీరు భరించాల్సిన సొమ్ము) మేమే కట్టేస్తామని తలుపు తట్టే కాంట్రాక్టరును దగ్గరికి రానివ్వకండి, అలా మాఫీ చేయడం 2019 నుంచి ఇక్కడ నేరం. మీ తరఫున క్లెయిమ్ చూసే పబ్లిక్ అడ్జస్టరును పెట్టుకుంటే అతని రుసుము సెటిల్‌మెంటులో 10 శాతానికి మించకూడదు.

విపత్తు సాయం చూసే కేంద్ర సంస్థ ఫెమా ఇచ్చే నగదు సాయానికి పౌరసత్వమో, గ్రీన్‌కార్డో, శరణార్థి హోదాలాంటిదో ఉండాలి, హెచ్-1బి మీద ఉన్నవారికి నేరుగా రాదు. 2021లో ఇంట్లో ఇక్కడే పుట్టిన చిన్నపిల్లలుంటే ఆ పిల్లల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయగలిగారు.

డిసెంబరులో ఇండియా వెళ్తున్నవాళ్ళకి

చాలా పాలసీలలో ఒక షరతు ఉంటుంది: ఖాళీ ఇంట్లో వేడి ఉంచడానికి జాగ్రత్త తీసుకోకుండా, నీరు ఆపి పైపులు ఖాళీ చేయడమూ చేయకుండా వెళ్తే, చలికి పగిలిన పైపు నష్టం ఇవ్వరు. థర్మోస్టాట్ 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా పెట్టి, మెయిన్ కట్టేసి, కుళాయిలు ఒకసారి తెరిచి మూసి వెళ్ళండి. థర్మోస్టాట్ ఫోటో తేదీతో సహా తీసి ఉంచండి. పక్కింటివాళ్ళకి తాళంచెవి ఇచ్చేటప్పుడు మెయిన్ వాల్వు ఎక్కడుందో కూడా చూపించి వెళ్ళండి.