దాళ్వా కోతలకి ముందే టర్బో ఇంజన్‌కి వేడి గేజి: బెజ్జం వేయకముందు చూసుకోవాల్సినవి

దాళ్వా (రబీ వరి) చేలు ఈనిక మీదున్నాయి. ఇంకో నెల తిరక్కుండా కోత మిషన్లు చేలోకి దిగుతాయి. ఇంజన్ పొగ వేడిని చూపించే ఎగ్జాస్ట్ టెంపరేచర్ గేజి పెట్టించాలన్న ఆలోచన ఉంటే మిషన్ షెడ్డులో ఖాళీగా ఉన్న ఈ రోజుల్లోనే ఆ పని అవగొట్టేయండి. కోతల మధ్యలో, ఈ చేనుకీ ఆ చేనుకీ నడుమ దొరికిన ఒక్క సాయంత్రంలో పెట్టిద్దామనుకుంటే ఏమవుతుందో నాకు అనుభవమే. కింద చెప్తాను.

నీళ్ళ వేడి చూపించే గేజి ఎలాగూ ఉంది, ఇదెందుకని చాలామంది అడుగుతారు. నీళ్ళ సూది నిదానం మనిషి. అది ఎర్ర గీత దగ్గరికి వచ్చేసరికి లోపల జరగాల్సింది జరిగిపోతుంది. ఎగ్జాస్ట్ సూది అలా కాదు, లోడు పడిన రెండు మూడు క్షణాల్లో లేస్తుంది. మన కాడ చేలల్లో తడి ఆరదు, చైన్ మిషన్ కూరుకుంటుంది. పడిపోయిన చేను కోసేటప్పుడు కట్టర్ నిండా గడ్డి పడి ఆర్పీఎం దిగుతుంది. పంపు ఇంకా డీజిల్ తోస్తుంది, పొగ తోపుకి తిరిగి ఇంజన్‌కి గాలి నెట్టే టర్బో మాత్రం అంత గాలి ఇవ్వలేదు. పెట్రోల్ బండి తిప్పినవాళ్ళకి ఇక్కడే తికమక. పెట్రోల్ ఇంజన్‌లో పెట్రోల్ తగ్గితే వేడెక్కుతుందంటారు. డీజిల్‌లో లెక్క తిరగబడుతుంది. ఉన్న గాలికి డీజిల్ ఎక్కువైతేనే వేడి. నల్లపొగ కనబడిందంటే సూది అప్పటికే ఎక్కేసిందని అర్థం. దమ్ము చక్రాలతో దిగే టర్బో ట్రాక్టర్‌కీ ఇదే కథ.

పిస్టన్ అల్యూమినియం. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది. పొగ 700 ఉన్నా పిస్టన్ వెంటనే కరగదు, ఎందుకంటే కింద నుంచి ఆయిలు, పై నుంచి గాలి పీల్చే ప్రతి స్ట్రోకులో లోపలికొచ్చే కొత్త గాలి దాన్ని చల్లబరుస్తుంటాయి. కానీ ఆ వేడిలో అరగంట లాగిస్తే పిస్టన్ తల మీద ఆ గుర్తు ఉండిపోతుంది.

ముందుగా ఒక మాట. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 లారీలు, వ్యాన్లలో ఎగ్జాస్ట్ లైన్ మీద కంపెనీ సెన్సార్లు ముందే ఉంటాయి. వాటికి బెజ్జం వేయకండి, స్కానర్ పెడితే ఆ అంకె బయటికొస్తుంది. వారంటీలో ఉన్న ఏ ఇంజన్‌కైనా ముందు డీలర్‌ని అడగండి. నేను చెప్పేదంతా పాత మెకానికల్ పంపు టర్బో ఇంజన్ల గురించి.

సెన్సార్ దూర్చే బెజ్జం ఎక్కడ? టర్బోకి ముందా, వెనకా? వెనకైతే పని తేలిక, సెన్సార్ ముక్క విరిగినా టర్బోకి ప్రమాదం లేదు. అయితే టర్బో తిరగడానికే కొంత వేడి ఖర్చవుతుంది కాబట్టి లోడులో వెనక అంకె ముందుకంటే 100 నుంచి 150 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు, లోడుని బట్టి మారిపోతుంది. వెనక పెట్టి 550 చూసి నిశ్చింతగా ఉన్నవాడు లోపల 700 మీద నడుపుతుండొచ్చు. నా ఓటు ముందుకే. అన్ని సిలిండర్ల పొగ కలిసి టర్బోలోకి వెళ్ళే చోట, టర్బో బిగించే ఫ్లాంజికి దగ్గరగా వేయించండి. సిలిండర్ల పొగని కలిపి టర్బోకి చేర్చే గొట్టమే మానిఫోల్డ్. కొన్ని మానిఫోల్డ్‌లకి లోపల నడిమి గోడ ఉంటుంది. అక్కడ ఒక పక్క వేస్తే సగం సిలిండర్ల సంగతే తెలుస్తుంది. గోడ మీదే వేస్తే ఆ సగమూ సరిగ్గా తెలీదు. సెన్సార్ కొన పొగ దారి మధ్యకి రావాలి, ఎదుటి గోడకి తగలకూడదు. మార్కింగ్ పెట్టేముందు బానెట్ వేసి చూడండి, సెన్సార్ తల మీద స్పానర్ తిరిగే చోటుందో లేదో కూడా.

ఇక అసలు ప్రమాదం రజనుతో. మూడేళ్ళ కిందట మండపేట వైపు కోతల్లో ఉండగా నా మిషన్‌కి రాత్రిపూట గేజి పెట్టించాను. మానిఫోల్డ్ విప్పితే తుప్పుపట్టిన స్టడ్లు తెగుతాయి, రేపు పొద్దున్న కోత ఉంది. "ఇంజన్ స్టార్ట్‌లో పెట్టి డ్రిల్ వేసేద్దామండి, పొగే రజను బయటికి తోసేస్తుంది" అన్నాడు మెకానిక్. సరేనన్నాను, అతన్ని అనేదేం లేదు. పొగ తోసింది నిజమే, కానీ బిట్టు అవతలకి దిగే ఆఖరి క్షణంలో విరిగిన ముక్క బయటికి రాదు, లోపలికి పోతుంది. లోపల పొగ పోయే దారి టర్బో మీదుగానే. రెండో రోజు ఈల మొదలైంది, తర్వాత నల్లపొగ. టర్బో విప్పి చూస్తే వేడి వైపు రెక్కల అంచులు ఎలక కొరికిన మొక్కజొన్న కండెలా ఉన్నాయి. కోతలు ఉండేది మూడు వారాలు, అందులో ఆరు రోజులు షెడ్డులో.

కాబట్టి మానిఫోల్డ్ విప్పించండి, లేదా కనీసం టర్బో అయినా దించండి. స్టడ్లకి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పోసి ఉంచండి. సముద్రం గాలి తగిలే అంతర్వేది, నరసాపురం పక్క మిషన్లకయితే రెండు రోజులు ముందు. టర్బో దించినప్పుడు ఆయిల్ వచ్చే పైపుకీ, పోయే పైపుకీ శుభ్రమైన గుడ్డ కట్టండి. బల్ల మీద పెట్టి సన్న బిట్టుతో మొదలెట్టి పెద్దదానికి రండి, ఆఖర్లో చెయ్యి నొక్కుడు తగ్గించాలి. పోత ఇనుము రజను పొడిలా రాలుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. లోపలంతా అయస్కాంతం తిప్పి, గాలి కొట్టి, తర్వాత వేలు పెట్టి తుడిచి చూడండి. కళ్ళద్దాలు లేకుండా ఎవర్నీ డ్రిల్ పట్టుకోనివ్వద్దు. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి వేసి, స్టార్ట్ చేసేముందు టర్బోలో కాస్త ఆయిల్ పోసి చేత్తో తిప్పండి.

మర దగ్గర చాలామంది మోసపోయేది చిన్న సంగతిలో. ఈ సెన్సార్లు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు కొలత) మరతో వస్తాయి. హార్డ్‌వేర్ షాపులో "ఒకటి బై ఎనిమిది ట్యాప్" (మర కోసే పనిముట్టు) అంటే చేతిలో పెట్టేది బ్రిటిష్ పైపు కొలతైన బీఎస్‌పీ, పంపుల పనికీ గాలి పైపులకీ మన దగ్గర అదే వాడుక. ఎన్‌పీటీకి అంగుళానికి 27 చుట్లు, బీఎస్‌పీకి 28. పళ్ళ కోణం ఎన్‌పీటీకి 60 డిగ్రీలు, బీఎస్‌పీకి 55. ఒకదాన్ని ఇంకోదాంట్లో పెడితే రెండు మూడు చుట్లు సాఫీగా దిగి బిగుసుకుంటుంది. వాలు మర కదా, బిగుసుకోవడం మామూలేనని వదిలేస్తాం. వేడెక్కాక అక్కడే పొగ కారడం మొదలవుతుంది. అందుకని సెన్సార్‌నే జేబులో వేసుకుని లేత్ షాపుకి వెళ్ళండి, ట్యాప్‌ని పక్కన పెట్టి పళ్ళు కలిపి చూడండి. ఎన్‌పీటీకి 11/32 అంగుళం బిట్టు సరిపోతుంది. ట్యాప్ ఒకేసారి పూర్తిగా దించేయొద్దు. సగం దించి, సెన్సార్ పెట్టి చూసి, చాలకపోతే ఇంకో అరచుట్టు. ఎక్కువ దించితే మర వదులై సెన్సార్ మునిగిపోతుంది. మరీ లాగి బిగిస్తే పోత ఇనుము చీలుతుంది.

మరకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అది 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. వేడికి తట్టుకునే రాగి లేదా నికెల్ పేస్టు కొద్దిగా రాయండి, రేపు విప్పేటప్పుడు కూడా పనికొస్తుంది.

వైరింగ్ పని చిన్నదే కానీ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఈ సెన్సార్ కె టైప్ థర్మోకపుల్. డిగ్రీకి 41 మైక్రోవోల్టుల చొప్పున వోల్టేజి పుట్టించి గేజికి పంపుతుంది. అంత పిసరంత వోల్టేజిలో కొలత ఉంటుంది కాబట్టి దాని వైరు కోసి మామూలు రాగి వైరు అతికితే అంకె మారిపోతుంది. పొడుగు ఎక్కువైతే చుట్టగా కట్టండి, చాలకపోతే అదే కె టైప్ వైరు తెప్పించండి. రెండోది, పసుపు ఎరుపు జతలో ఎరుపు మైనస్. బ్యాటరీ వైర్లకి అలవాటు పడ్డ చెయ్యి ఎరుపుని ప్లస్‌కి ఇచ్చేస్తుంది. లైటరు పెట్టి కొనని వేడి చేస్తే సూది ముందుకి రావాలి. వెనక్కి పోతే వైర్లు మార్చండి. గేజి వోల్టేజి మిషన్ బ్యాటరీతో కలుస్తోందా, 12 వోల్టులా 24 వోల్టులా అన్నది చూసుకుని చిన్న ఫ్యూజు వేయండి. చేల దగ్గర ఆపిన మిషన్‌లో ఎలకలు దూరకుండా ఉండవు, వైరుకి గట్టి గొట్టం తొడగండి.

పని అయ్యాక విప్పిన వేడి రేకు తిరిగి బిగించడం మరిచిపోతారు, మీరే నిలబడి బిగించండి. గడ్డి, ఊక ఆ మానిఫోల్డ్ మీద పడి కాలితే మిషనొక్కటే కాదు, పక్కన కోయని చేనూ పోతుంది. రోజూ సాయంత్రం టర్బో చుట్టూ గాలి కొట్టడం, క్యాబిన్‌లో మంటలార్పే సిలిండర్ ఉంచడం కోతలకి ముందే అలవాటు చేసుకోండి.

కోతలు మొదలయ్యేలోపు ఫిల్టర్ శుభ్రం చేసి మిషన్ని కాలవ గట్టు మీద అరగంట నడిపి ఏ లోడుకి ఎంతుందో కాగితం మీద రాసుకోండి. మొదటి ఎకరంలో కూడా రాయండి. తర్వాత అదే పనికి 50 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీద పట్టిన ఊక, తర్వాత టర్బో గాలి పైపుల క్లిప్పులు చూడండి. పంపు జోలికి ఆఖర్న వెళ్ళండి. టర్బో ముందు పెట్టినవాళ్ళకి నేను చెప్పే హద్దు 700. మీ ఇంజన్ కంపెనీ అంతకన్నా తక్కువ చెప్తే అదే పాటించండి. సూది అటు పోతుంటే డ్రైవర్ యాక్సిలేటర్ తగ్గించకూడదు, మిషన్ నడక తగ్గించాలి. ట్రాక్టర్‌కైతే గేరు దించాలి. ఆపేటప్పుడు సూది 200 కిందికి వచ్చేదాకా ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపండి. లేకపోతే టర్బో బేరింగులో నిలిచిన ఆయిలు మాడి బొగ్గవుతుంది.

మొదటి రోజు కోత అయ్యాక మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సెన్సార్ మొదట్లో టార్చి వేసి చూడండి. చుట్టూ మసి రింగు ఉంటే పొగ కారుతున్నట్టే. పావు చుట్టు బిగించి ఆ రోజు సాయంత్రం మళ్ళీ చూడండి. రింగు మళ్ళీ వస్తే బిగించడం మానేసి విప్పి మర చూపించుకోండి.