దిగుడులో హ్యాండిల్ వణికితే ముందు మూటలు చూడండి

ఒకసారి మదనపల్లె వైపు నుంచి తిరుపతికి వస్తూ భాకరాపేట ఘాట్ దిగుతుంటే నా సైకిల్ హ్యాండిల్ వణకడం మొదలైంది. మొదట అరచేతుల్లో చిన్న అదురు, ఆ వెంటనే ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకోవడం. పిట్టగోడ పక్కన ఆపి చూస్తే చక్రం, బేరింగులు, బ్రేకులు అన్నీ బాగానే ఉన్నాయి. వెనక క్యారియర్ మీద టెంటు, దాని మీద స్లీపింగ్ బ్యాగు, అన్నిటికన్నా పైన 5 లీటర్ల నీళ్ళ క్యాను. సీటు కంటే ఎత్తులో 5 కిలోల బరువు ఊగుతోంది! రోజుల తరబడి టెంటుతో తిరిగేవాళ్ళకు దారిలో సైకిల్ రిపేరులా కనిపించేవి చాలామటుకు సామాను సర్దడంలో వచ్చినవే.

హ్యాండిల్ వణుకుతోంది, మిట్ట ఎక్కుతుంటే ముందు చక్రం తేలిపోతోంది

కారణం: బరువంతా వెనకే ఉంది, అదీ ఎత్తులో ఉంది.

మన జిల్లాలో పాలు పోసేవాళ్ళ సైకిళ్ళు చూడండి. క్యాన్లు క్యారియర్ మీద పెట్టరు, రెండు పక్కలా కిందికి వేలాడదీస్తారు. మనమూ అదే చేయాలి. స్టవ్, పనిముట్లు, తిండి సామాను సైడ్ బ్యాగుల అడుగున, చక్రం ఇరుసుకు దగ్గరగా ఉండాలి. నీళ్ళు ఫ్రేము మధ్యలో ఉండాలి. ముందు ఫోర్కుకు క్యారియర్ ఉంటే సామానులో మూడో వంతుకు పైగా అక్కడికి మార్చండి. కుడి ఎడమ సంచుల బరువు సమానంగా ఉండాలి, స్ప్రింగు త్రాసుతో తూచుకుంటే టెన్షన్ ఉండదు. పైన టెంటు, పరుపు లాంటి తేలికవి చాలు, అవీ కదలకుండా బిగించాలి. సాగే రబ్బరు తాడు కన్నా బకిల్ ఉన్న పట్టీ మేలు.

దిగుడులో వణుకు మొదలైపోతే బ్రేకు గట్టిగా పట్టేయకండి. ఫ్రేము పై రాడ్డుకు మోకాలు ఆనించి, హ్యాండిల్ మీద పట్టు కొంచెం వదులు చేసి, వెనక బ్రేకుతో మెల్లగా వేగం తగ్గించండి.

వెనక చక్రం చువ్వలు తెగుతున్నాయి

గేర్లున్న సైకిల్‌కు ఎక్కువగా కుడి పక్క, అంటే గేరు చక్రాల వైపు తెగుతాయి. ఆ వైపు చువ్వలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. పైన సామాను పడితే అలసిపోయేది అవే. బరువు ముందుకు పంచడం సగం మందు. బయల్దేరే ముందు సైకిల్ అంగడిలో రిమ్ము వంకర తీయించి, చువ్వల బిగువు సరిచేయించండి.

విడి చువ్వలు తీసుకెళ్ళేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. కుడి, ఎడమ పక్కల చువ్వల పొడవు చాలా సైకిళ్ళకు ఒకటి కాదు. కొలిపించి కుడి పక్కవి మూడు కొనండి, టేపుతో ఫ్రేముకు అంటించండి. ఆ పక్క చువ్వ మార్చాలంటే గేరు చక్రాలు విప్పాలి. దానికి సరిపడే రిమూవర్ లేకపోతే మూడు చువ్వలున్నా దారిలో పనికిరావు.

తొక్కుతుంటే మడమ సంచికి తగులుతోంది

సంచి కొక్కేలు వెనక్కి జరపండి. అయినా తగిలితే సంచి కింది భాగం వెనక్కి వచ్చేలా వాల్చి కట్టండి.

కవరు వేసినా లోపల తడిసిపోయింది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు మనకు బాగా పడతాయి. రెయిన్ కవర్ పైనుంచి పడే నీళ్ళనే ఆపుతుంది. చక్రం చిమ్మే నీళ్ళు కింద నుంచీ, వీపు వైపు నుంచీ ఎక్కుతాయి. అందుకే ప్రతి సంచి లోపలా మందపాటి పాలిథిన్ సంచి పెట్టి, మూతి మెలిపెట్టి మడిచి కట్టాలి. స్లీపింగ్ బ్యాగు, ఒక జత పొడి బట్టలు విడిగా ఇంకో సంచిలో పెట్టండి. ఇందులో బద్ధకం వద్దు. తిరుపతిలో చెమట పట్టినా, 1,200 మీటర్లకు పైన ఉన్న హార్స్‌లీ హిల్స్‌లో రాత్రి తడి బట్టలతో వణకాల్సి వస్తుంది. పొద్దున మంచుకు తడిసిన టెంటును బట్టల సంచిలో దూర్చకండి, బయటే కట్టి మధ్యాహ్నం ఎండకు ఆరబెట్టండి.

సామాను మరీ బరువైంది

తిండే ఎక్కువ మోస్తుంటాం. పీలేరు, మదనపల్లె దారిలో అయిదు రోజుల బియ్యం అక్కర్లేదు, ఊళ్ళలో ఇడ్లీ, సంగటి దొరుకుతాయి. వేయించిన చెనిక్కాయలు, బెల్లం ఒక పూటకు చాలు. నీళ్ళు మాత్రం తగ్గించకండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవిలో ఏనుగులున్నాయి. అటు పోతే టెంటు అడవిలో వద్దు, ఊళ్ళో గుడి దగ్గరో బడి దగ్గరో అడిగి వేసుకోండి.

క్యారియర్ లొడలొడమంటోంది

గతుకులకు బోల్టులు వదులవుతాయి. రోజూ పొద్దున అలెన్ కీతో (ఆరు పలకల కీ) ఒక్కొక్కటీ తిప్పి చూడండి, విడి బోల్టులు రెండు దగ్గర పెట్టుకోండి. క్యారియర్ మీద ఎన్ని కిలోలని రాసుందో అంతకు మించి వేయకండి.

టూరుకు వారం ముందే మొత్తం సామాను కట్టి తిరుపతి నుంచి చంద్రగిరి కోట దాకా వెళ్ళి రండి. ఇంటికొచ్చాక ఏ బోల్టు వదులైందో చూసి, అక్కడ స్ప్రింగ్ వాషర్ వేయించండి.