థింక్‌ప్యాడ్ టీ430 ల్యాప్‌టాప్‌లో ఐ7 ప్రాసెసర్ వేస్తే గేములకు లాభమెంత?
ప్రాసెసర్ కొనకముందే గేమ్ నడుస్తుండగా జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) లోడ్ చూడండి. 95 శాతం దాటి అక్కడే నిలిస్తే అడ్డు గ్రాఫిక్సే. రిజల్యూషన్ 1280×720కి తగ్గించినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) కదలకపోతేనే ప్రాసెసర్‌ను అనుమానించాలి.

విడి గ్రాఫిక్స్ లేని థింక్‌ప్యాడ్ టీ430లో ఐ5-3320ఎం తీసి ఐ7-3632క్యూఎం పెట్టొచ్చు, రెండూ 35 వాట్లే. కోర్లు రెండు నుంచి నాలుగవుతాయి, ప్రాసెసర్‌లోనే ఉండి ర్యామ్‌ను వాడుకునే గ్రాఫిక్స్ మాత్రం అదే హెచ్‌డీ 4000! ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే నన్నడిగితే ముందు అదే సైజుది ఇంకోటి వేయండి. రెండు స్టిక్‌లు జంటగా పనిచేసే డ్యూయల్ ఛానెల్‌తో గ్రాఫిక్స్‌కు అందే బ్యాండ్‌విడ్త్ (డేటా వేగం) దాదాపు రెట్టింపు.

అయినా ప్రాసెసర్ మారుస్తానంటే సాకెట్‌లో అమర్చే రకమే కొనండి, బోర్డుకు సోల్డర్ చేసే బీజీఏ రకం పనికిరాదు. మూలనున్న త్రికోణం గుర్తు కలిపి వదిలితే చిప్ దానంతటదే కూర్చుంటుంది. నొక్కితే పిన్నులు వంగుతాయి.