విశాఖలో లోకల్ టిప్పర్ పనిలో చేరడం ఎలా?

షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్లే పోర్టు రోడ్డు మీద పొద్దున్నే ఓసారి నిలబడి చూడండి. ఓ రోజు బండ్లన్నీ దూసుకుపోతుంటాయి. ఇంకో రోజు కదిలే లారీల కన్నా ఆగి ఉన్నవే ఎక్కువ. లోకల్ బల్క్ పని అంటే ఏమిటో ఆ వరస చూస్తే తెలిసిపోతుంది. దూరపు ఊళ్లకు పోయే లైను బండి డ్రైవరు కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటాడు, లోకల్ టిప్పరు డ్రైవరు ట్రిప్పులు లెక్కపెట్టుకుంటాడు. ఇరవై కిలోమీటర్లు నడపడానికి ముప్పావుగంట చాలు. లోడింగు దగ్గర, బండిని తూచే కాటా దగ్గర, అన్‌లోడింగు దగ్గర మాత్రం పూట గడిచిపోతుంది. కొత్తవాళ్లు స్టీరింగ్ నేర్చుకుని వస్తారు కానీ ఈ రెండు కొసల దగ్గర ఏం చేయాలో ఎవరూ నేర్పరు. డబ్బులు పోయేదీ, బండి పడేదీ ఎక్కువగా అక్కడే.

బల్క్ అంటే బస్తాల్లో కట్టకుండా విడిగా పోసుకెళ్లే సరుకు. మన దగ్గర బొగ్గు, ఇనుప ఖనిజం, మాంగనీసు, సున్నపురాయి, జిప్సం, ఎరువులు, పరవాడ సింహాద్రి ప్లాంటు బూడిద, క్రషర్ల కంకర, గ్రావెల్ ఇలా వెళ్తాయి. పెద్ద మొత్తాలు రైలు వ్యాగన్లలో, కన్వేయర్ల మీద పోతాయి. ఓడ నుంచి యార్డుకి, యార్డు నుంచి దగ్గర్లోని ఫ్యాక్టరీకి, క్రషర్ నుంచి సైటుకి తోలే పని టిప్పర్లది. రాత్రికి ఇంటికి చేరవచ్చన్నది ఈ పనిలో పెద్ద ఆకర్షణ. ఓడ వచ్చిన రోజుల్లో ఆ ఆశ పెట్టుకోకండి.

ముందు లైసెన్సు

రవాణా బండి నడపాలంటే 20 ఏళ్లు నిండాలి. దానికి లెర్నర్ లైసెన్సు తీసుకునే ముందు కారు, జీపు లాంటి తేలిక బండి లైసెన్సు చేతికొచ్చి ఏడాది అయి ఉండాలి. ఆ తర్వాత హెవీ నేర్పే డ్రైవింగ్ స్కూల్లో చేరి, వాళ్లిచ్చే ఫారం 5 సర్టిఫికెట్, డాక్టరు సంతకం పెట్టిన ఫారం 1ఎ పెట్టుకుని ఆర్టీఏ టెస్టుకి వెళ్లాలి. లైసెన్సు 5 ఏళ్లు చెల్లుతుంది. 8వ తరగతి పాసవ్వాలన్న పాత నిబంధనను 2019లో తీసేశారు. అయినా కాటా చీటీ మీద అంకెలు చదవడం రాకపోతే ఈ పనిలో నష్టపోయేది మీరే.

మామూలు లైసెన్సుతోనే లారీ నడపొచ్చని కోర్టు చెప్పిందట కదా అని చాలామంది అడుగుతారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది 7,500 కిలోల లోపు బండ్ల గురించి. 10 టైర్ల టిప్పరు ఆ లెక్కలోకి రాదు. మల్కాపురం వైపు ఆయిల్ ట్యాంకర్లకు పోవాలనుకునేవాళ్లకు ప్రమాదకర సరుకుల ట్రైనింగు వేరే ఉంటుంది. దాని సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

పని వెతుక్కోవడం, మాట్లాడుకోవడం

గాజువాక ఆటోనగర్ మెకానిక్ షెడ్లు, టీ కొట్లే ఈ పనికి అసలు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులు. ఏ బండికి డ్రైవరు మానేశాడో, ఏ ఓనరు జీతం ఆపుతాడో అక్కడ ముందే తెలిసిపోతుంది. పని ఇప్పిస్తానని డబ్బు అడిగినవాణ్ని అక్కడే వదిలేయండి. కొత్త లైసెన్సుకి ఎవరూ నేరుగా బండి ఇవ్వరు. పాత డ్రైవరు పక్కన కొన్నాళ్లు కూర్చోమంటారు. చిన్నతనం అనుకోకండి, మీకు దొరికే బడి అదొక్కటే.

డబ్బు మాటల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. నెల జీతం మీద బత్తా (రోజు ఖర్చుల డబ్బు) ఇస్తారా, ట్రిప్పు లెక్కా? అన్నిటికన్నా ముఖ్యమైనది, బండి ఖాళీగా నిలబడిన రోజుకి ఏమిస్తారు? ఎరువుల ఓడ మీద వాన పడితే హాచ్‌లు, అంటే ఓడలో సరుకు గదుల మూతలు, మూసేస్తారు. తుపాను హెచ్చరిక వస్తే పోర్టులో పని ఆగుతుంది. కాటా చెడిపోవచ్చు, సరుకు ఎత్తిపోసే లోడరు యంత్రానికి డీజిల్ అయిపోవచ్చు. వీటిలో ఏదీ మీ తప్పు కాదు, కానీ ట్రిప్పు లెక్కన పనిచేస్తుంటే మీ జేబుకే చిల్లు. నేను చేరిన మొదటి నెలలోనే వాన వల్ల రెండు రోజులు లైన్లో ఉన్నాను. తిండి ఖర్చు నాదే. బత్తా అడిగితే 'ట్రిప్పు పడలేదు కదా' అన్నారు. ముందే మాట్లాడుకోకపోవడం వల్ల జవాబు చెప్పలేకపోయాను. అలాగే టైరు పేలితే, టార్పాలిన్ చిరిగితే, సరుకు తరుగు వస్తే ఎవరి ఖాతా అన్నది కూడా చేరేముందే తేల్చుకోండి.

కాగితాలు, గేటు

బండిలో ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, ట్యాక్సు కాగితాలున్నాయో లేదో మీరే చూసుకోవాలి. 'అన్నీ ఉన్నాయిలే' అన్న మాట మీద బండి తీయొద్దు. ఫోన్లో డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. సరుకు విలువ 50 వేలు దాటితే సాధారణంగా ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఉండాలి. దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. లోకల్ కాబట్టి పర్వాలేదులే అనుకుంటారు గానీ, పొద్దున్న తీసిన బిల్లుతో మర్నాడు రాత్రి దాకా లైన్లోనే ఉండిపోయేది లోకల్ బండే. కంకర, గ్రావెల్ తోలితే గనుల శాఖ పర్మిట్ కాగితం కూడా ఉండాలి.

పోర్టు గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్లుంటారు. పాస్ లేకుండా లోపలికి పోనివ్వరు. పాస్‌కి ఏ కాగితాలు కావాలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కనుక్కుని ముందే ఇచ్చేయండి. హెల్మెట్, సేఫ్టీ బూట్లు, రిఫ్లెక్టర్ జాకెట్ సొంతంగా కొనుక్కోవడం మేలు. క్యాబిన్‌లో పడి ఉన్న హెల్మెట్ మీ తలకి సరిపోదు, చెప్పులతో గేటు దాటనివ్వరు. బొగ్గు పని అయితే మంచి మాస్కు కూడా. తువ్వాలు చుట్టుకుంటే బొగ్గు పొడి ఆగదు, సాయంత్రం ఉమ్మి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

స్టార్ట్ చేసే ముందు

టైర్లు సుత్తితో కొట్టి చూడండి, రెండు టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూడండి. బ్రేకుల ఎయిర్ ట్యాంకులో చేరిన నీళ్లు వదలండి. ప్రెషర్ నిండి బజరు ఆగేదాకా బండి కదపకూడదు. వెనక డోరు లాకు, హైడ్రాలిక్ ఆయిల్ కారుతుందా, వెనక లైట్లు. పది నిమిషాల పని.

లోడింగు, కాటా

కొత్తవాళ్లు మొదట తప్పు చేసేది బరువు లెక్క దగ్గరే. 10 టైర్ల టిప్పరు సరుకుతో కలిపి ఉండాల్సిన బరువు సుమారు 28 టన్నులు, 12 టైర్లకు సుమారు 35. మీ బండికి ఎంతో ఆర్సీలో ఉంటుంది, అదే ఖాయం. ఖాళీ బండి 11 టన్నులు ఉందనుకుందాం. అంటే సరుకు 17 టన్నులు. ఇప్పుడు 16 ఘనపు మీటర్ల బాడీలో బొగ్గు అంచుదాకా నింపినా 14 టన్నుల చుట్టూనే ఉంటుంది. అదే బాడీలో ఇనుప ఖనిజం పోస్తే సగం నిండకముందే 17 దాటిపోతుంది. కంటికి బండి ఖాళీగా కనిపిస్తుంది, కింద కమాన్లు (స్ప్రింగు పట్టీలు) మూలుగుతుంటాయి. 'ఇంకో బకెట్ వెయ్యన్నా' అనే ముందు సరుకేమిటో గుర్తు తెచ్చుకోండి. వానలో తడిసిన బొగ్గు, జిప్సం కూడా ఎండు సరుకు కన్నా బరువే.

ఓవర్‌లోడుకి మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2 వేలు. ఎక్కువ సరుకు దింపేదాకా బండి కదలనివ్వరు. చట్టం నడిపినవాణ్నీ, నడిపించినవాణ్నీ ఇద్దర్నీ పట్టుకుంటుంది. కానీ లైసెన్సు సస్పెండ్ అయితే అది మీదే, ఓనరుది కాదు.

లోడరు బకెట్‌ని క్యాబిన్ మీదుగా తిప్పనివ్వకండి. సరుకు ఒక పక్కకే పోస్తే అక్కడే ఆపి సర్దించుకోండి. యార్డులో ఇది అడగడానికి మొహమాటపడితే మలుపు దగ్గర బండి ఆ పక్కకే ఒరుగుతుంది. ఖాళీ కాటా, లోడు కాటా రెండూ ఒకేలా వేయించండి. ఒకసారి క్లీనరు బండిలో ఉండి, ఇంకోసారి దిగిపోతే ఆ తేడా సరుకు లెక్కలో పడుతుంది. కాటా చీటీ చేతికి రాగానే ఫోన్లో ఫొటో తీసుకోండి. ఈ అలవాటు ఎందుకో చివర్లో చెప్తాను.

టార్పాలిన్ పట్టా కప్పి, తాడు బిగించాకే గేటు దాటండి. బొగ్గు పొడి గురించి వన్‌టౌన్ వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, అందులో న్యాయం ఉంది. పైగా ఎగిరిన రాయి వెనక బైకు వాడి కంటికి తగిలితే ఆ కేసు మీ మీదే.

రోడ్డు మీద

ఇది ఇప్పటికే మీకు కొంత వచ్చు కాబట్టి రెండు మూడు మాటలే. అనకాపల్లి, ఆనందపురం మధ్య సబ్బవరం మీదుగా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రోడ్డు ఉంది. ఊరు దాటి పోయే లోడు అయితే చుట్టు అనుకోకుండా అటే పొండి. నగరంలోకి పెద్ద బండ్లను ఏ వేళల్లో రానిస్తారో బయల్దేరే ముందు కనుక్కోండి. గాజువాక, కూర్మన్నపాలెం దగ్గర షిఫ్టులు మారే వేళల్లో బైకులు ఎడమ పక్క సందులోంచి దూరతాయి. క్యాబిన్‌లోంచి అవి కనిపించవు. ఎడమకి తిరిగే ముందు అద్దం ఒకసారి కాదు, రెండుసార్లు చూడండి. హనుమంతవాక దిగుడు లాంటి చోట్ల లోడుతో ఉన్నప్పుడు ముందే గేరు తగ్గించుకోండి. బ్రేకు తొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలి, తీరా అవసరమైనప్పుడు పట్టవు.

అన్‌లోడింగు

బండ్లు పడేది ఇక్కడే. నాకు పని నేర్పిన గురువుగారు నేను బాడీ ఎత్తబోతుంటే చేయి పట్టుకుని ఆపి, 'ఏట్రా కంగారు? ముందు కిందకి సూడు, తర్వాత పైకి సూడు, అప్పుడు ఎత్తు' అన్నారు.

కిందకి చూడమంటే నేల. వెనక టైర్లు రెండు పక్కలా సమానంగా, గట్టి నేల మీద ఉండాలి. ఒక పక్క టైరు కొద్దిగా దిగినా, బాడీ పైకి లేచేసరికి ఆ కాస్తే చాలా ఎక్కువ అవుతుంది. కొత్తగా పోసిన గుట్ట అంచు, వానకి నానిన యార్డు రెండూ నమ్మదగ్గవి కావు. పైకి చూడమంటే కరెంటు తీగలు. బాడీ ఎత్తితే బండి రెట్టింపు ఎత్తవుతుందని క్యాబిన్‌లో కూర్చున్నవాడికి తోచదు.

రెండూ చూశాక హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక డోరు లాకు తీయించండి. వెనక మనుషులెవరూ లేరని క్లీనరు మీ పక్క అద్దంలో కనిపించే చోట నిలబడి చెప్పాలి. కనిపించకపోతే ఎత్తొద్దు. క్లచ్ తొక్కి, పీటీఓ (ఇంజను శక్తిని బాడీ ఎత్తే పంపుకి కలిపే స్విచ్) వేసి, మెల్లగా ఎత్తండి. సరుకు జారడం మొదలయ్యాక ఇంకాస్త.

తడి బొగ్గు, బూడిద, జిప్సం బాడీ ముందు భాగంలో అతుక్కుపోతాయి. అప్పుడు కింద సరుకంతా జారిపోయి, బరువంతా పైన, క్యాబిన్ వైపు కొసన ఉంటుంది. బాడీ పూర్తిగా లేచి ఉంది కాబట్టి చిన్న ఊపుకే బండి పక్కకి పడుతుంది. చాలామంది సరిగ్గా ఆ క్షణంలోనే బండిని ముందుకీ వెనక్కీ కుదుపుతారు. అలా చేయొద్దు. బాడీ కిందికి దించండి, అతుక్కున్నది పారతో గీకించండి, మళ్లీ ఎత్తండి. లేపిన బాడీ కిందకి ఎవరూ దూరకూడదు, ఆపు కడ్డీ పెట్టకుండా గ్రీజు పెట్టడానికి కూడా.

బండి ఒరుగుతోందనిపిస్తే దూకకండి. క్యాబిన్‌లోనే స్టీరింగు గట్టిగా పట్టుకుని ఉండండి, దూకినవాడి మీదే బండి పడుతుంది. బాడీ తీగకి తగిలినా దిగొద్దు. కరెంటు ఆపేదాకా కదలకుండా కూర్చోండి. మంటలంటుకుంటే తప్ప దిగకూడదు. దిగక తప్పకపోతే బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి.

సరుకు పడ్డాక బాడీ పూర్తిగా దించి, పీటీఓ తీసి, అప్పుడే కదలండి. లేచిన బాడీతో బయల్దేరి గేటు కమానుకి గుద్దిన బండ్లను నేను చూశాను. అందరూ చెప్పేది ఒకటే, 'దిగిందనుకున్నాను'.

నిద్ర, ప్రమాదం

చట్టం ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ సంస్థలో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని, 5 గంటలకోసారి అరగంట విశ్రాంతి. ఓడ ఖాళీ చేసే రోజుల్లో ఈ మాట ఎవరికీ గుర్తుండదు. లైన్లో నిలబడిన గంటలు విశ్రాంతి అనుకోకండి. ప్రతి ఐదు నిమిషాలకీ బండి ఒక అడుగు ముందుకి జరపాలి, ఆ నిద్ర నిద్ర కాదు. రాత్రి మూడో ట్రిప్పుకి కళ్లు మూతపడుతుంటే ఓనరుకి ఫోన్ చేసి చెప్పి, పక్కకి పెట్టి పడుకోండి. తిట్టనివ్వండి.

ఏదైనా జరిగితే దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందించడం, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత. జనం కొడతారన్న భయం నిజమే. అలాంటప్పుడు దగ్గర్లోని స్టేషనుకి వెళ్లి చెప్పండి, 108కి ఫోన్ చేయండి.

లెక్క

జేబులో పట్టే చిన్న పుస్తకం కొనుక్కుని తేదీ, సరుకు, ఎక్కడినుంచి ఎక్కడికి, కాటా బరువు, లైన్లో నిలబడిన గంటలు ఏ రోజుకారోజు రాసుకోండి. అసలు చీటీలు ఆఫీసుకి వెళ్లిపోతాయి కాబట్టి ఫొటోలు మీ దగ్గరుండాలి. నా రెండో నెల లెక్కకి కూర్చున్నప్పుడు ఓనరు పుస్తకంలో పదకొండు ట్రిప్పులున్నాయి, నా పుస్తకంలో పదమూడు. ఆయన నవ్వుతూ 'నువ్వు కొత్త కదా, తప్పు రాసుంటావు' అన్నారు. ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూపించాను. పదమూడుకీ డబ్బులిచ్చారు.