ల్యాబులో తెరుచుకోని డ్రాయింగులు

హన్మకొండలో పాలిటెక్నిక్ పిల్లలకు సివిల్ డ్రాయింగ్ చెప్తాను. మా ల్యాబులో కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 2016 ఉంది. పిల్లల ల్యాప్‌టాపుల్లో మాత్రం దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే కొత్త వెర్షన్ ఉంటుంది. ఖిల్లా వరంగల్ కీర్తి తోరణం ఎలివేషన్ (ఎదుటి నుంచి కనిపించే రూపం) ఇంటి దగ్గర గీసుకొచ్చిన అమ్మాయి పెన్‌డ్రైవ్ పెట్టి, "సార్, ఓపెన్ అయితలేదు" అంది. పక్కవాళ్లు వైరస్ అన్నారు. మా దగ్గర ఏది పనిచేయకున్నా ముందు వైరసే!

అసలు సంగతి, ఆటోక్యాడ్ డ్రాయింగులు సేవ్ అయ్యే డీడబ్ల్యూజీ ఫైలు ఫార్మాట్ 2018 వెర్షన్‌తో మారింది. మా 2016కు 2013 ఫార్మాట్ దాకే తెలుసు. అందుకే ఆ ల్యాప్‌టాప్‌లోనే ఓపీ అని కొట్టి ఎంటర్ నొక్కించాను. ఆప్షన్స్ పెట్టె వస్తుంది. అందులో 'ఓపెన్ అండ్ సేవ్' ట్యాబ్, 'సేవ్ యాజ్' దగ్గర ఆటోక్యాడ్ 2013 ఎంచుకుని ఓకే. ఆ ఫైలును మళ్లీ సేవ్ చేసి తెస్తే తోరణం టక్కున తెరుచుకుంది. ఈ సెట్టింగు ఒక్కసారి మారిస్తే అలాగే ఉండిపోతుంది.

ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి ఒట్టి పెన్‌డ్రైవ్‌తో వచ్చేవాళ్ల కోసం ఒక విండోస్ సిస్టమ్‌లో డీడబ్ల్యూజీ ట్రూవ్యూ అనే సాఫ్ట్‌వేర్ వేయించాను. అదీ ఉచితమే, పాత ఫార్మాట్‌లోకి మార్చిపెడుతుంది.

ఇంకో చిక్కు విద్యార్థులకిచ్చే ఆ ఉచిత ఆటోక్యాడ్ లైసెన్సుది. ఐడీ కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, అప్లికేషన్‌లో పూర్తిగా ఉంటే వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోవచ్చు. కార్డు మీద ఎలా ఉంటే అలాగే నింపమంటాను. గడువు ఏడాదే, చదువుతున్నన్నాళ్లూ ఏటా రెన్యూ చేసుకోవాలి. మన లెక్చరర్లకూ ఇస్తారు.